వేప ఎండినది శిలీంధ్రం వల్లనేనా?

ఆషాఢంలో బోనాలకు వేపమండలు విరిచి తెచ్చిన చెట్లే దసరా నాటికి మాడిన చీపురుకట్టల వలె నిలబడినవి. 2021వ సంవత్సరపు వర్షాకాలంలో తెలంగాణలోని అనేక జిల్లాలలోను, హైదరాబాదు నగరంలోను జనం చూచిన దృశ్యం ఇది. ముషీరాబాదు, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వంటి పాత పేటలలో వేప లేని వీధి అరుదు గనుక, ఈ మార్పు కంటబడనివారు అక్కడ తక్కువ. మొదట లేత చిగుళ్ళు గోధుమరంగుకు తిరిగి వ్రేలాడినవి. తరువాత కొమ్మ కొననుంచి మొదలువైపుగా ఎండుతూ వచ్చినది. ఎండిన ఆకు వెంటనే రాలక కొమ్మనే అంటిపెట్టుకొని ఉండడంవల్ల, దూరంనుంచి చూచేవారికి చెట్టు నెత్తిన ఎవరో ఎర్రమన్ను చల్లినట్లు కనిపించినది.

కారణం చెప్పడానికి అందరూ ముందుకు వచ్చారు. మహమ్మారి నడుస్తున్న రోజులు కాబట్టి, వేపకు కూడా ఏదో వైరస్ తగిలిందన్న మాట సులభంగా పుట్టి సులభంగానే పాకినది. కొందరు దానిని అపశకునంగా తలచారు. ఈ మాటలకు పెద్ద విమర్శ అవసరం లేదు. పరీక్షించవలసినది మరొక మాట. అది శాస్త్రజ్ఞులు చెప్పినది, పత్రికలు ప్రకటించినది, సైన్సు పాఠం చెప్పే ఉపాధ్యాయుడు కూడా తరగతిలో నమ్మకంగా చెప్పగలిగినది: "ఇది శిలీంధ్రం వల్ల వచ్చిన తెగులు." ఈ వాక్యం అబద్ధం కాదు. కాని దానిని వివరణగా అంగీకరించి పుస్తకం మూసివేస్తే ఏమి నష్టమో చూడవలసి ఉన్నది.

మొదట ఆ వాక్యానికి ఉన్న బలాన్ని ఒప్పుకోవాలి. ఈ శిలీంధ్రం పేరు ఫోమాప్సిస్ అజాడిరాక్టె. ఇటీవలి వర్గీకరణలో ఫోమాప్సిస్‌లను డయపార్థె అనే ప్రజాతిలో చేర్చుతున్నారు. వేపలో కొమ్మ ఎండు తెగులును 1990 తరువాతి సంవత్సరాలలో మొదట డెహ్రాడూన్ పరిసరాలలో గుర్తించారు. మైసూరుకు చెందిన పరిశోధకులు 1997లో ఆ శిలీంధ్రాన్ని కొత్త జాతిగా వర్ణించి పేరు పెట్టారు. కర్ణాటకలో అది ఆకును, కొమ్మను, పూగుత్తిని, కాయను కూడా పాడుచేస్తుందని ఆనాడే తెలిసినది. తెలంగాణలో 2019లో దానిని గమనించారు. 2021లో అది ప్రబలినప్పుడు ఆచార్య జయశంకర్ తెలంగాణ రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఎండిన కొమ్మలను పరీక్షించి ఫోమాప్సిస్‌ను గుర్తించారు. దానితోపాటు టీ దోమ అనే కీటకం పాత్రను కూడా చెప్పారు. వదంతులు చెలరేగుతున్న సమయంలో ఇలా పేరు పెట్టి చెప్పడం మేలు చేసినది. ఈ తెగులు మనుషులకుగాని పశువులకుగాని అంటదని తెలిసి జనం కొంత స్థిమితపడ్డారు.

అయితే పై సంవత్సరాలను మరొకమారు చదవండి. శిలీంధ్రం దక్షిణదేశంలో ఉన్నదని 1997 నాటికే తెలుసు. మైసూరుకు, హైదరాబాదుకు మధ్య వేపచెట్టు లేని పొడి ఎడారి ఏదీ లేదు. విత్తనం ద్వారా కూడా ఈ శిలీంధ్రం ప్రయాణం చేస్తుంది. వేపపండును తిని గింజను దూరాన వేసే పక్షులకు, గబ్బిలాలకు మన ఊళ్ళలో కొరత లేదు. మరి పాతికేళ్ళు ఓపికపట్టిన తెగులు 2021లోనే ఇంత ఎత్తున ఎందుకు లేచినది? ఒకే వీధిలో ఒక చెట్టు మాడిపోతే పది అడుగుల దూరంలోని చెట్టు పచ్చగా ఎందుకు నిలిచినది? శిలీంధ్రం పేరు చెప్పినవారు "ఎవరు" అన్న ప్రశ్నకు జవాబు చెప్పారు. "ఎప్పుడు", "ఎక్కడ" అన్న ప్రశ్నలు అలాగే మిగిలినవి.

ఇక్కడ ఒక సందేహం విద్యార్థులకు తప్పక కలుగుతుంది. వేప శిలీంధ్రాలను చంపుతుందని కదా మనం చెప్పుకొంటాము? బియ్యంలో వేపాకు వేస్తాము, పుండుకు వేపనూనె రాస్తాము. శిలీంధ్రాలను అరికట్టే వేపనూనె మందుపై ఒక అమెరికా కంపెనీకి, ఆ దేశపు వ్యవసాయ శాఖకు ఐరోపాలో ఇచ్చిన పేటెంటును, అది భారతీయులకు తరతరాలుగా తెలిసిన సంగతేనన్న వాదనపై 2000లో రద్దుచేశారు. 2005లో అప్పీలును కూడా కొట్టివేశారు. శిలీంధ్రాలకు విరుగుడని ప్రపంచమంతా ఒప్పుకొన్న చెట్టును ఒక శిలీంధ్రమే ఎండగట్టడం వింతగా తోచవచ్చును. కాని జీవశాస్త్రంలో ఇది మామూలే. చెట్టు తయారుచేసుకొనే చేదు పదార్థాలు చాలా శత్రువులను ఆపుతాయి. ఆ విషాన్ని సహించి ఆ చెట్టుమీదనే బ్రతకడం నేర్చిన ఒకటి రెండు జీవులు మాత్రం, పోటీదారులు లేని ఇంటిలో కాపురం పెట్టినట్లే. కనుక వేప చేదు తగ్గిపోయిందని అనుకోవలసిన పని లేదు.

ఇక శిలీంధ్రం బ్రతుకు చూద్దాము. ఎండిన కొమ్మ బెరడుమీద భూతద్దంతో చూస్తే గుండుసూది తలకంటె చిన్నవైన నల్లని చుక్కలు కనిపిస్తాయి. అవి తిత్తులు. లోపల సిద్ధబీజాలు జిగురు పదార్థంలో కూరి ఉంటాయి. వాతావరణం పొడిగా ఉన్నంతకాలం ఆ తిత్తి మూతపడిన సంచి వంటిది. తడి తగిలితే జిగురు ఉబ్బి, సిద్ధబీజాలు సన్నని తీగవలె బయటికి వస్తాయి. వానచినుకు ఆ తీగమీద పడి చిట్లినప్పుడు, ఒక్కొక్క తుంపరలోను అవి లేచి పక్క చిగురుమీద పడతాయి; గాలివాన అయితే పక్క చెట్టుమీద కూడా పడతాయి. బూడిద తెగులు సిద్ధబీజాల వలె ఇవి పొడిగాలిలో తేలికగా ఎగరలేవు. వాటికి నీరే వాహనం.

పడినంతమాత్రాన పని ముగియదు. సిద్ధబీజం నీటిని పీల్చుకొని సన్నని నాళాన్ని సాచి, లేత కణజాలంలోకి గాని, గాయంలోకి గాని దూరాలి. దీనికి కొన్ని గంటలపాటు చిగురు తడిగా ఉండడం అవసరం. మధ్యలో ఎండ కాసి ఆకు ఆరిపోతే, నాళం బయటపెట్టిన సిద్ధబీజం అక్కడే నశిస్తుంది. అందువల్ల వర్షపాతం లెక్క ఒక్కటే చూచి తెగులును అంచనా వేయడం పొరపాటు. 2000 ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్కరోజులో 24 సెంటీమీటర్లకు పైగా వాన కురిసి వీధులు ఏరులైనవి. కాని ఆ వానకు కొట్టుకుపోయిన సిద్ధబీజం కాలువలో కలుస్తుంది. శిలీంధ్రానికి కావలసినది కుండపోత కాదు. మబ్బు విడవకుండా, తుంపర ఆగకుండా, చిగురు ఆరకుండా గడిచే రోజులు. వానకొలత పాత్ర ఈ రెండింటినీ మిల్లీమీటర్లలోనే చెబుతుంది. ఆకు ఎన్ని గంటలు తడిసి ఉన్నదో ఆ పాత్రకు తెలియదు. తెగులు గురించి వ్రాసిన వార్తలలో "అధిక వర్షాలు" అన్నమాట తరచు కనిపించినది గాని, ఎన్ని దినాలు ఎడతెగకుండా ముసురు పట్టినదో లెక్క చెప్పినది అరుదు.

ఉష్ణోగ్రత సంగతి కూడా ఇలాంటిదే. వర్షాకాలంలో హైదరాబాదులో పగలు 30 డిగ్రీలకు అటూ ఇటూ, రాత్రి 22 డిగ్రీల ప్రాంతం ఉంటుంది. ఇది చాలా శిలీంధ్రాలకు హాయిగొలిపే వెచ్చదనం. మే నెలలో 40 డిగ్రీలు దాటినప్పుడు, నీరు లేని బెరడుమీద అది నిద్రలో ఉంటుందే తప్ప పెరగదు. అందుకే ఎండిన వేప ఫిబ్రవరి, మార్చి నెలలలో మళ్ళీ చిగిర్చి, ఉగాదికి పూత కూడా పూస్తుంది. చెట్టుకు పూర్తిగా నయమైనదని ఇంటివారు సంతోషిస్తారు. నిజానికి నయం కాలేదు; శిలీంధ్రానికి నీరు దొరకలేదు.

చిగురులోనికి దారి చేసేదెవరన్నది తరువాతి ప్రశ్న. ఇక్కడ టీ దోమ ప్రస్తావన వస్తుంది. పేరు దోమ గాని అది దోమ కాదు. నల్లి జాతికి చెందిన రసం పీల్చే పురుగు. జీడిమామిడి తోటలున్న శ్రీకాకుళం, విశాఖపట్టణం రైతులకు దాని సంగతి బాగా తెలుసు. కోకోను, జామను కూడా అది వదలదు. లేత కాడలో తొండం గుచ్చి లాలాజలం వదలి రసం పీలుస్తుంది. ఆ చోట నల్లని మచ్చ పడి, మచ్చలు కలిసి చిగురంతా మాడుతుంది. అంటే శిలీంధ్రం లేకపోయినా టీ దోమ ఒక్కటే చిగురును ఎండబెట్టగలదు. వీధిలో నిలబడి చూచేవారికి రెండు రకాల ఎండుదలకు భేదం తెలియదు. ఇక ఆ పురుగు చేసిన గాయం శిలీంధ్రానికి తెరిచిన తలుపు. వానలకు విరివిగా వచ్చే లేత చిగురే పురుగుకు ఆహారం, తడి గాలే దానికి అనుకూలం. ఒకే వాతావరణం చెట్టు చిగురును, చిగురు తినే పురుగును, పురుగు వెనుక వచ్చే శిలీంధ్రాన్ని వరుసగా నడిపిస్తున్నదన్నమాట. ఈ వరుసలో చివరిదాన్ని మాత్రమే పట్టుకొని "కారణం" అని ముద్రవేయడం ఎంతవరకు సబబు?

ప్రయోగశాలలో ఎండిన కొమ్మనుంచి శిలీంధ్రాన్ని వేరుచేయడం కూడా ఆలోచించి స్వీకరించవలసిన సాక్ష్యమే. చచ్చిన కొమ్మమీద ఎన్నో శిలీంధ్రాలు పెరుగుతాయి. ఫోమాప్సిస్ కుటుంబంలోని అనేక జాతులు ఆరోగ్యంగా కనిపించే కొమ్మలలో కూడా ఏ లక్షణమూ చూపక దాగి ఉంటాయి. ఈ చిక్కు తెలిసే రాబర్ట్ కోచ్ 19వ శతాబ్దం చివర తన నియమాలను ఏర్పరచాడు: జీవిని వేరుచేయాలి, శుద్ధంగా పెంచాలి, ఆరోగ్యవంతమైన దానిలో ప్రవేశపెట్టి అదే రోగాన్ని కలిగించాలి, మళ్ళీ అదే జీవిని రాబట్టాలి. ఈ పరీక్షలో నెగ్గిన శిలీంధ్రం రోగం కలిగించగలదని రుజువవుతుంది. ఏ సంవత్సరం కలిగిస్తుందో, ఏ వీధిలో కలిగిస్తుందో కోచ్ నియమాలు చెప్పవు. అవి అందుకు పుట్టినవి కావు.

వీధి సంగతికి వద్దాము. ముషీరాబాదు గల్లీలలో వేప ఎలా నిలబడి ఉన్నదో ఒకసారి గమనిస్తే, పొలంగట్టుమీది వేపకు దీనికి ఎంత తేడా ఉన్నదో తెలుస్తుంది. మొదలు చుట్టూ సిమెంటు, ప్రక్కన మురుగుకాలువ, ఒకవైపు కొమ్మలు విద్యుత్ తీగలకోసం ఏటేటా నరికివేత, మరొకవైపు మూడంతస్తుల గోడ నీడ. గోడ నీడలో ఉన్న కొమ్మ ఉదయం ఆలస్యంగా ఆరుతుంది. నరికినచోట గుంపుగా వచ్చే చిగురు పురుగుకు, శిలీంధ్రానికి ఇద్దరికీ విందు. వేరుకు గాలి, నీరు సరిగా అందని చెట్టుకు కొత్త గాయం మాన్చుకొనే శక్తి తక్కువ. ఇక అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి మీదుగా హుసేన్‌సాగర్ మిగులునీటి నాలా పోతుంది. 2020 అక్టోబరు వరదలలో ఆ నాలా పొంగి చుట్టుపక్కల పేటలు మునిగినవి. నీట నిలిచిన వేరు దెబ్బతిని, మరుసటి సంవత్సరం చెట్టు తెగులుకు లొంగినదా? ఆ ఊహ ఆకర్షణీయమైనదే. కాని నాలా ఒడ్డున ఎన్ని వేపలు ఎండినవో, మెరకమీద ఎన్ని ఎండినవో పక్కపక్కన లెక్కవేసి చూడనిదే అది ఊహగానే ఉండాలి. పైగా వరద అంటని పల్లెలలో కూడా వేపలు అదే వర్షాకాలంలో ఎండినవి. ఈ ఒక్క సంగతి ఆ ఊహను చాలావరకు బలహీనపరుస్తుంది.

వేప ఎండిన ప్రతిచోటా శిలీంధ్రమే దోషి కాదనడానికి దూరపు ఉదాహరణ ఒకటి ఉన్నది. భారతదేశం నుంచి ఆఫ్రికాకు వెళ్ళి సహారా ఎడారి దక్షిణపు అంచున నీడనిచ్చే చెట్టుగా స్థిరపడిన వేప, 1990 ప్రాంతంలో నైజర్‌లోను, చుట్టుపక్కల దేశాలలోను పెద్దఎత్తున క్షీణించినది. అక్కడకు వెళ్ళిన నిపుణులు మొదట రోగకారకంకోసమే వెదికారు. నైజర్‌లో దోషిగా నిలబెట్టదగిన శిలీంధ్రంగాని పురుగుగాని దొరకలేదు. నేలలో తేమ చాలక, చెట్లు ఒకదానికొకటి దగ్గరగా ఉండి నీటికోసం పోటీపడి నీరసించినవని వారు నిర్ణయించారు. చాద్ సరస్సు ప్రాంతంలో మాత్రం ఒక పొలుసు పురుగు హాని చేసినట్లు తేలినది. హైదరాబాదులో నీరు ఎక్కువై వచ్చిన రోగం, అక్కడ నీరు తక్కువై వచ్చిన క్షీణత: చూపులకు రెండూ ఎండిన వేపలే.

మన నేలమీదనే ఇంతకంటె పాత కథ మరొకటి ఉన్నది. 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలో గోదావరి డెల్టాలో తాటిచెట్లకు మొవ్వకుళ్ళు తెగులు వ్యాపించినది. బీహారులోని పూసాలో వృక్షరోగ శాస్త్రజ్ఞుడుగా ఉన్న ఇ. జె. బట్లర్ దానిని పరిశోధించి, 1907లో దాని కారకానికి పిథియం పామివోరం అని పేరు పెట్టాడు. 1919లో ఆయనే దానిని ఫైటోఫ్తొరా ప్రజాతికి మార్చాడు. ఆ రోజులలో దానిని శిలీంధ్రమన్నారు. నేటి వర్గీకరణ ప్రకారం అది నిజమైన శిలీంధ్రం కాదు, గోధుమవర్ణపు శైవలాలకు దగ్గరి బంధువు. ఆ తెగులుకూ తడి వాతావరణమే ప్రాణం. రోగం సోకిన తాళ్ళ తలలు నరికించి తగులబెట్టించడం ప్రభుత్వం అనుసరించిన మార్గం.

ఆ మార్గాన్ని వేపకు వర్తింపజేయబోయేవారు ఒక్క విషయం ఆలోచించాలి. తాటికి మొవ్వ ఒక్కటే. అది కుళ్ళితే చెట్టు చచ్చినట్లే. నరికినందువల్ల పోయేది లేదు, పక్క చెట్టుకు మేలు. వేపకు కొమ్మకొమ్మకు నిద్రాణమైన మొగ్గలుంటాయి. పైనున్నదంతా ఎండినా, క్రిందినుంచి అవి లేస్తాయి. పండ్లపుల్లకు, మండకు, మేకల మేతకు ఏటా విరిచినా వేప బ్రతకడానికి కారణం ఇదే. ఎండిన వేపను "చచ్చినది" అని మొదలుకంట నరికించినచోట, మార్చిలో చిగిర్చే చెట్టునే పోగొట్టుకొన్నారు. తెగులు పేరు విని చెట్టు స్వభావం మరచినందువల్ల జరిగిన నష్టం ఇది. శిలీంధ్రానికి దీనితో సంబంధం లేదు. ఎండిన కొమ్మలను మాత్రం, పొడిరోజులలో, ఎండిన భాగానికి కొంత క్రిందుగా కోసి కాల్చివేయడం సమంజసమే. నల్లని తిత్తులు ఉండేది అక్కడే గదా.

మందు సంగతి. 2021లో శాస్త్రజ్ఞులు శిలీంధ్రనాశినితోపాటు కీటకనాశినిని కూడా సూచించారు. రెండింటినీ గుర్తించినందుకు వారిని మెచ్చుకోవాలి. నారుమడిలోని మొక్కకు, ఇంటిముందు నాటిన చిన్న వేపకు ఆ పద్ధతి పనికివస్తుంది. నలభై అడుగుల వేప చివరి చిగురుకు, ఇళ్ళ నడుమ, కిటికీలు తెరిచి ఉండే వీధిలో మందు చల్లడం మాటలలో ఉన్నంత తేలిక కాదు. మొదట్లో మందునీరు పోస్తే సిమెంటు మీదనుంచి అది కాలువలోకే పోతుంది. అంతకుమించి, వాన ఆగని వారంలో చల్లిన మందు ఎంతసేపు నిలుస్తుంది? తెగులు ఎక్కువ చేసే వాతావరణమే మందును కడిగివేస్తుంది. పొలంలో పంటకు చేసే వైద్యాన్ని, తానై మొలిచి తానై పెరిగిన చెట్ల సమూహానికి చేయబోవడంలోని చిక్కు ఇది.

నిజానికి వేప మన ప్రాంతంలో పంట కాదు, పూర్తిగా అడవి చెట్టూ కాదు. ఎవరూ నాటకుండా కంచెలోనో, గోడ పగులులోనో మొలుస్తుంది. ప్రతి గింజ వేరువేరు వంశలక్షణాలతో పుడుతుంది. ఒకే రకం వరివేసిన పొలంలో అగ్గితెగులు వస్తే చేనంతా ఒకేలా మాడవచ్చును. పక్షులు వేసిన గింజలనుంచి వచ్చిన పది వేపలు పది రకాలుగా తెగులుకు ఎదురు నిలుస్తాయి. పది అడుగుల దూరంలో ఒకటి ఎండి ఒకటి పచ్చగా ఉండడానికి ఇదొక కారణం కావచ్చును. నీడ, నేల, గాలి మరొక కారణం కావచ్చును. రెండింటినీ విడదీయడం కష్టమైన పని. కాని చేయరానిది కాదు.

దానిని చేసి చూపినవారు ఫిన్లాండ్‌కు చెందిన ఆలండ్ దీవులలో ఉన్నారు. అక్కడ సుమారు 4,000 గడ్డిబీళ్ళలో పెరిగే ప్లాంటాగో అనే అడవి మొక్కకు, అనగా మన ఇసపగోలుకు దాయాదికి, బూడిద తెగులు వస్తుంది. ఒక సీతాకోకచిలుక కోసం 1993లో మొదలైన సర్వేలో 2001 నుంచి ఈ తెగులును కూడా ఏటా నమోదుచేస్తున్నారు. ప్రతి శరత్కాలంలో బీళ్ళన్నీ తిరిగి ఈ పని చేసేవారు చాలావరకు విద్యార్థులే. 2014లో ప్రకటించిన ఫలితం చాలామంది ఊహించినదానికి విరుద్ధంగా ఉన్నది. మొక్కల సమూహాలు దగ్గరదగ్గరగా ఉన్నచోట తెగులు ఎక్కువ ఉంటుందని అనుకొంటాము. అక్కడ మాత్రం ఒంటరిగా దూరాన ఉన్న సమూహాలకంటె, ఒకదానికొకటి దగ్గరగా ఉన్నవాటిలోనే తెగులు తక్కువ. దగ్గరి సమూహాల మధ్య పుప్పొడి, విత్తనాలు రాకపోకలు చేయడంవల్ల తెగులును తట్టుకొనే లక్షణాలు వాటిలో ఎక్కువగా చేరినవని పరిశోధకులు వివరించారు. మన పుస్తకాలలో "మొక్కలు దట్టంగా ఉంటే తెగులు పెరుగుతుంది" అన్న వాక్యాన్ని ఇకమీద కొంచెం జాగ్రత్తగా చదవాలి. అది చేను విషయంలో చెప్పిన మాట.

అడవిలో తెగులు ఎప్పుడూ శత్రువే కాదన్న సంగతి కూడా ఈ సందర్భంలోనే చెప్పవలసినది. మధ్య అమెరికాలోని బెలీజ్ అడవిలో కొన్ని చిన్న మడులలో శిలీంధ్రనాశిని చల్లి చూచినప్పుడు, మొలిచిన మొక్కల జాతి వైవిధ్యం తగ్గిపోయినది. ఆ పరిశోధన కూడా 2014లోనే వెలువడినది. ఒకే జాతి మొలకలు ఒకేచోట గుంపుగా పెరిగి మిగిలినవాటిని అణచివేయకుండా శిలీంధ్రాలు అడ్డుపడుతున్నాయని దానివల్ల తెలిసినది.

చివరగా, ఈమధ్య ప్రతి తెగులుకూ వినిపించే మాట ఒకటి ఉన్నది: "వాతావరణ మార్పు". భూమి వేడెక్కుతున్నదన్నది తిరుగులేని సత్యం. కాని వేడెక్కినకొద్దీ శిలీంధ్రరోగాలన్నీ పెరుగుతాయని అనడం శిలీంధ్రాలను ఎరుగనివారి మాట. ఒక్కొక్క శిలీంధ్రానికి ఒక్కొక్క ఉష్ణోగ్రత పరిమితి ఉంటుంది. దానిని దాటితే వేడిమి దానికే శత్రువు. తడి గంటలు పెరిగితే ఫోమాప్సిస్‌కు లాభం. ముసురు రోజులు తగ్గి, అవే మిల్లీమీటర్లు రెండు కుండపోతలుగా కురిస్తే దానికి నష్టమే కావచ్చును. కాబట్టి "వాతావరణ మార్పువల్ల వేప ఎండినది" అన్న వాక్యం, "శిలీంధ్రంవల్ల ఎండినది" అన్న వాక్యంకంటె పెద్దదిగా వినిపిస్తుందే గాని, ఎక్కువ చెప్పదు. ఏ నెలలో, ఎన్ని గంటల తడి, ఎంత వేడిమి అని అడిగితే రెండూ మౌనం వహిస్తాయి.

2021 తరువాతి వర్షాకాలాలలో కూడా తెగులు మళ్ళీ కనిపించినది. కొన్నిచోట్ల ఎక్కువగా, కొన్నిచోట్ల తక్కువగా. ఈ హెచ్చుతగ్గులే అసలు సమాచారం. ఒక ఉన్నత పాఠశాల తన చుట్టూ ఉన్న నాలుగు వీధుల వేపలకు సంఖ్యలు వేసి, వారానికి ఒకసారి పై అంశాలను వ్రాసిపెట్టడానికి ప్రయోగశాల అక్కరలేదు: మొదలు చుట్టూ మన్ను ఉన్నదా, సిమెంటు ఉన్నదా, ఉదయం ఎండ ఎన్ని గంటలకు తగులుతున్నది, కొమ్మలు ఎప్పుడు నరికారు, చిగురుమీద నల్లమచ్చలు ముందు వచ్చినవా, ఎండడం ముందు వచ్చినదా, వాన ఎన్ని మిల్లీమీటర్లు అన్నదానితోపాటు ఆకు ఎంతసేపటికి ఆరినది. చిక్కడపల్లిలో ఒక పాఠశాల, పొలాల నడుమ ఒక పాఠశాల ఇదే పట్టికను నడిపితే ఇంకా మంచిది. అయితే ఈ పట్టికను ఆషాఢంలోనే, చెట్లన్నీ పచ్చగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. ఎండిన చెట్లు కనిపించిన తరువాత మొదలుపెడితే ఎండినవాటినే లెక్కించబుద్ధి అవుతుంది. ఎండని చెట్ల చుట్టూ కూడా సిమెంటు ఉన్నదో లేదో ఎవరూ చూడరు.